నా ఐడియా బాగుందని ముప్పై మంది అన్నారు, అదే నా టెన్షన్

జడ్చర్ల_జంక్షన్ | ఆగస్టు 17, రాత్రి 10:40

అందరికీ నమస్తే. మాది జడ్చర్ల దగ్గర పల్లె. హైదరాబాద్‌లో సరుకు రవాణా కంపెనీలో ఆరేళ్లు చేసి, ఇక చాలనిపించి ఇంటికొచ్చాను. చేతిలో ఆరు లక్షలున్నాయి. మా నాయన లెక్కలో అవి నావి కావు, మా చెల్లె పెళ్లివి.

మూడు ఆలోచనలున్నాయి. ఒకటి, సీతాఫలం గుజ్జు తీసి ఐస్‌క్రీమ్ వాళ్లకు అమ్మే యూనిట్. సీతాఫలంలో బాలానగర్ రకానికి ఆ పేరు మా పక్క ఊరి నుంచే వచ్చింది. సీజన్‌లో హైవే పొడుగూతా గంపలే గంపలు. రెండోది, పాలమూరు టౌన్‌లో కిరాణా డెలివరీ యాప్. మూడోది, ఛాయ్ ఫ్రాంచైజీ.

పోయిన ఆదివారం ఆరుగురు దోస్తులం ధాబాలో కూర్చొని నలభై దాకా ఐడియాలు రాశాం. వడపోస్తే ఈ మూడు మిగిలాయి. గుజ్జు సంగతి ముప్పై మందిని అడిగాను. ముప్పై మందీ బాగుందన్నారు, ఒక్కరూ వద్దనలేదు. అందుకే అనుమానం వస్తోంది. ఐడియా మంచిదో కాదో అసలు ఎట్ల తెలుసుకోవాలి?

మిర్యాలగూడ_బియ్యం | రాత్రి 11:05

ముప్పై మందిలో అడ్వాన్స్ ఇచ్చిందెందరు?

జడ్చర్ల_జంక్షన్ | రాత్రి 11:07

ఎవరూ ఇవ్వలేదన్నా. నేను అడగలేదు కూడా.

మిర్యాలగూడ_బియ్యం | రాత్రి 11:15

అయితే ముప్పై కాదు తమ్మీ, సున్నా. ఊరి పిల్లగాడు ఎదురొచ్చి ఏదో పెడుతున్నానంటే మొహం మీద బాగలేదని ఎవరంటారు? ఛాయ్ తాగించి మరీ బాగుందంటారు. ఫ్రాంచైజీ మాట మరిచిపో, నీ ఆరు లక్షల్లో సగం బోర్డుకే పోతుంది.

లెక్కల_సారు | ఆగస్టు 18, ఉదయం 6:20

నేను నకిరేకల్ వైపు హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. వ్యాపారం నాకు తెలియదు, పింఛనుతో బతుకుతున్నాను. కానీ బాబూ, నీ ప్రశ్నకు ముందు ఒక ఆట ఆడదాం. అందరూ ఆడవచ్చు.

నా మనసులో ఒక నియమం ఉంది. 2, 4, 6 అనే మూడు అంకెలు ఆ నియమానికి సరిపోతాయి. మీరు వేరే మూడేసి అంకెలు చెప్పండి. సరిపోతే ఔనంటాను, లేకపోతే కాదంటాను. నియమం తెలిసిపోయిందని గట్టిగా అనిపించినప్పుడే చెప్పండి.

జడ్చర్ల_జంక్షన్ | ఉదయం 7:02

8, 10, 12?

లెక్కల_సారు | ఉదయం 7:10

ఔను.

జడ్చర్ల_జంక్షన్ | ఉదయం 7:11

20, 22, 24? ఇదీ ఔనైతే నియమం దొరికినట్టే సార్. సరిసంఖ్యలు, రెండు రెండు పెరగాలి.

లెక్కల_సారు | ఉదయం 7:30

20, 22, 24 ఔను. నియమం మాత్రం అది కాదు.

దేవరకొండ_దారి | ఉదయం 8:15

1, 3, 5?

లెక్కల_సారు | ఉదయం 8:17

ఔను.

దేవరకొండ_దారి | ఉదయం 8:18

తేడా రెండు ఉండాలి, అంతే. సరి, బేసి ఏదైనా ఫర్వాలేదు.

లెక్కల_సారు | ఉదయం 8:25

కాదు నాయనా.

పుట్టపాక_పేక | ఉదయం 9:40

సార్, రెండు అడుగుతాను. 6, 4, 2? ఇంకా 1, 7, 100?

లెక్కల_సారు | ఉదయం 9:44

మొదటిది కాదు. రెండోది ఔను. శభాష్ తల్లీ.

పుట్టపాక_పేక | ఉదయం 9:46

అయితే ఎక్కే వరస. చిన్నది, దానికన్నా పెద్దది, ఇంకా పెద్దది. అంతే కదా?

లెక్కల_సారు | ఉదయం 10:05

అంతే. ఇది పీటర్ వాసన్ అనే సైకాలజిస్టు 1960లో ప్రచురించిన ప్రయోగం. నలభై ఏళ్ల సర్వీసులో పదో తరగతి పిల్లలతో ఎన్నిసార్లు ఆడించానో లెక్కలేదు. ఫస్ట్ ర్యాంకు పిల్లలే ముందు బోల్తా పడతారు. ఎందుకంటే ఎవరైనా తన మనసులో ముందే ఒక నియమం అనుకొని, దానికి ఔను వచ్చే అంకెలే అడుగుతాడు. ఔను వచ్చినకొద్దీ నమ్మకం బలపడుతుంది, తెలిసింది మాత్రం ఏమీ పెరగదు. ఆ అమ్మాయి 6, 4, 2 అడిగి కాదు అనిపించుకుంది చూడండి, వరస దిగకూడదని ఆ ఒక్క కాదుతోనే బయటపడింది.

బాబూ, నువ్వు ముప్పై మందిని అడిగింది 8, 10, 12.

జడ్చర్ల_జంక్షన్ | ఉదయం 10:20

సార్... కడుపులో గుద్దినట్టుంది.

బత్తాయి_తోట | ఆగస్టు 18, మధ్యాహ్నం 2:30

ఆట బాగుంది సారూ. నేను ఈ ఆట నాలుగు లక్షలు పెట్టి ఆడాను. ఎక్కడా చెప్పుకోలేదు, ఇక్కడ పేరు లేదు కాబట్టి రాస్తున్నా.

మాది నల్లగొండ పక్కన, ఆరెకరాల బత్తాయి. కాయ దిగినప్పుడు రేటు దిగుతుంది. మార్కెట్‌కు తోలితే కమీషను, హమాలీ, తరుగు పోగా చేతికొచ్చేది చూస్తే ఏడుపొస్తుంది. అదే కాయ హైదరాబాద్ జ్యూస్ బండి మీద గ్లాసుల లెక్కన అమ్ముడుపోతుంది కదా, మనమే పిండి సీసాలో పోసి అమ్మితే ఏం పోయింది అనుకున్నా. బలమైన ఆలోచనే. పెళ్లిళ్లలో పంచాను, ఆఫీసుల్లో తాగించాను. తాగిన ప్రతి మనిషీ అద్భుతం అన్నాడు. మిషను కొన్నా, సీసాలు కొన్నా, లేబుల్ మీద మా అమ్మాయి పేరు కొట్టించా.

మొదటి లోడు మూడో రోజున తిరిగొచ్చింది. చేదు. వేపాకు నమిలినట్టు. మిషను కడగలేదేమో అనుకొని మళ్లీ చేశా. మళ్లీ చేదు. గింజలు నలిగాయేమో అని గింజ తీసి చేశా. అయినా చేదే. చివరికి ఫుడ్ టెక్నాలజీ చదివిన ఒకాయన చెప్పాడు: బత్తాయి తొనల పొరల్లో ఒక పదార్థం ఉంటుందట, అప్పటికి దానికి రుచి ఉండదు. పిండాక రసంలోని పులుపుకు అది మెల్లమెల్లగా మారి లిమోనిన్ అవుతుంది. చేదు దానిది. పొద్దున తీయగా ఉన్న రసం నిలవుంచిన కొద్దీ చేదెక్కేది అందుకే. దాన్ని తీసేసే పద్ధతులున్నాయి, పెద్ద ఫ్యాక్టరీలవి. నా నాలుగు లక్షలవి కావు.

ఇప్పుడు ఆటలోకి రండి. నేను తాగించిందంతా అప్పుడే పిండిన రసం. నాకు కావలసిన జవాబు వచ్చే ప్రశ్నే అడుగుతూ పోయాను. రెండో రోజు రసం ఒక్క గ్లాసు నేనే తాగి ఉంటే ఖర్చు ముప్పై రూపాయలు.

ఇంకో సంగతి. మా నాయనమ్మ మాకు బత్తాయి రసం ఇచ్చినప్పుడల్లా పిండంగనే తాగాలిరా, ఉంచొద్దు అనేది. ముసలామె చాదస్తం అనుకున్నాం.

జడ్చర్ల_జంక్షన్ | మధ్యాహ్నం 2:55

అన్నా, సీతాఫలం కూడా అట్లనేనా?

బత్తాయి_తోట | మధ్యాహ్నం 3:10

కారణం వేరే, ఫలితం అదే. గుజ్జు గాలి తగిలితే గోధుమరంగుకు తిరుగుతుంది. నిలవ కోసం మామిడి గుజ్జులాగ కాచావా, చేదు దిగుతుంది. అందుకే చాలామంది చేత్తో గింజ తీసి మైనస్ పద్దెనిమిది, ఇరవై డిగ్రీల్లో గడ్డకట్టిస్తారు. అంటే నువ్వు పెట్టబోయేది పండ్ల వ్యాపారం కాదు, కరెంటు వ్యాపారం. కాయను కోల్డ్ స్టోరేజీలో పెడదామా అంటే అదీ కుదరదు, ఎక్కువ చల్లదనానికి తొక్క నల్లబడి కాయ పాడవుతుంది.

నేను చెప్పానని నమ్మకు. ఒక గంప కొని చేసి చూడు.

పుట్టపాక_పేక | ఆగస్టు 18, రాత్రి 9:00

నాకు ఇంకో వైపు నుంచి చెప్పాలనుంది. జడ్చర్ల అన్న "ఏ బిజినెస్ పెట్టాలి" అని మొదలుపెట్టాడు. నాకు తెలిసిన గొప్ప ఐడియా మాత్రం అట్ల పుట్టలేదు.

మా అమ్మ ఆసు పోసేది. తెలియని వాళ్ల కోసం: మా చీరల్లో డిజైన్ రావాలంటే నూలుకు చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట బిగించి కట్టి, రంగులో ముంచాలి. దానికి ముందు పేక నూలును, అంటే చీరలో అడ్డంగా నేసే నూలును, వరసగా నాటిన పుల్లల చుట్టూ చేత్తో పోయాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే రాత్రి భుజం ఎత్తలేరు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారి అమ్మ లక్ష్మి గారిదీ అదే నొప్పి. ఆయన బడి చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. అమ్మ ఇక నా వల్ల కాదంటుంటే 1992లో యంత్రం మొదలుపెట్టారు, 1999కి గాని పూర్తి కాలేదు. ఏడేళ్లు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఈ కథ అందరికీ తెలుసు. నేను పట్టుకున్న ముక్క వేరే. చివరి భాగం కుదరక ఆగిపోయిన పని, ఆయన హైదరాబాద్‌లో కరెంటు పనికి పోయినప్పుడు అక్కడ వేరే యంత్రం కదలిక చూడగానే తట్టిందట. అది బాలానగర్‌లోనే, కాకపోతే హైదరాబాద్ బాలానగర్, సీతాఫలాలది కాదు. ఆ యంత్రాన్ని రోజూ వందమంది చూసి ఉంటారు. వాళ్ల బుర్రలో అమ్మ భుజం లేదు, అంతే. తీరని ప్రశ్న ఒకటి మోసుకు తిరిగేవాడికే చూసినది జవాబులా కనిపిస్తుంది.

అన్నా, నీకు ఎవరి భుజం నొప్పి తెలుసు? ఐస్‌క్రీమ్ వాళ్లదా?

దేవరకొండ_దారి | రాత్రి 9:50

చెల్లె బాగా రాసింది, కాదనను. కానీ ఏడేళ్లు పట్టు వదలకపోవడం గొప్ప అని మనం అనేది అది చివరికి తిరిగింది కాబట్టి. తిరగకపోతే?

మా దిక్కు బోరు కథ చూడండి. పాయింట్ చూసేటాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని చేనంతా తిరుగుతాడు. కాయ లేచి నిలబడ్డ చోట బోరు వెయ్యమంటాడు. నీళ్లు పడ్డ రైతు పదేళ్లు ఆయన పేరు చెప్తాడు. పడని రైతు సిగ్గుతో నోరెత్తడు. ఊళ్లో వినపడేవన్నీ పడ్డ కథలే, ఆయనకు పేరొస్తుంది. ఇక బండి నడుస్తుంటే మూడు వందల ఫీట్లకు దుబ్బ లేస్తుంది. ఆపుదామా అంటే, ఇంత పెట్టినం, ఇంకో యాభై ఫీట్లు చూద్దాం అంటాం. ఆ యాభై తర్వాత ఇంకో యాభై. నల్లగొండ పక్కన ముషంపల్లిలో మనుషుల కన్నా బోర్లు ఎక్కువని పేపర్లోళ్లు రాసింది ఊరికే కాదు. మా నాయన ఐదు వేశాడు. నీళ్లు పడ్డది ఒక్కటి, అదీ రెండేళ్లే.

ఎన్ని ఫీట్లకు ఆపాలో బండి రాకముందే ఇంట్లో చెప్పి పెట్టుకోవాలి. బండి మోతలో ఎవరికీ బుద్ధి పనిచేయదు.

హైదరాబాద్‌లో_పాలమూరు | ఆగస్టు 19, ఉదయం 11:30

దేవరకొండ అన్న చెప్పిన దానికి మా క్లాసులో ఒక పేరుంది: అఫర్డబుల్ లాస్, అంటే తట్టుకోగలిగినంత నష్టం. దీని మీద పనిచేసింది సరస్ సరస్వతి అనే పరిశోధకురాలు, ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ శిష్యురాలు. అనుభవమున్న 27 మంది వ్యాపారవేత్తలకు ఒక ఊహాజనిత కంపెనీ కష్టాలిచ్చి, మీకు తోచిందంతా పైకి మాట్లాడుతూ తేల్చండని అడిగి రికార్డు చేసింది. 2001లో ఆ పరిశోధన అచ్చయింది. మాలాంటి ఎంబీఏ వాళ్లం ముందు గమ్యం అనుకొని, లాభం ఎంతో లెక్కగట్టి, దానికి కావలసినవి కూడబెడతాం. వాళ్లలో ఎక్కువమంది తిరగేసి నడిచారు. నేనెవరు, నాకేం తెలుసు, నాకెవరు తెలుసు అన్న దగ్గర మొదలుపెట్టారు. ఎంత వస్తుందని కాదు, ఎంత పోయినా తట్టుకోగలనని చూసుకున్నారు. ఆమె ఇచ్చిన పోలిక వంటది: పుస్తకం చూసి సామాన్లు తెచ్చి వండటం ఒక తీరు, అల్మారా తెరిచి ఉన్నదాంతో వండటం ఇంకో తీరు. మా అమ్మ జీవితమంతా రెండో తీరే.

జడ్చర్లా, నీ అల్మారాలో ఉన్నది ఆరేళ్ల రవాణా అనుభవం. నీ మూడు ఐడియాల్లో దాని ఊసే లేదు. యాప్ రాయడం నీకు రాదు, గుజ్జు తీయడం నీకు రాదు, ఛాయ్ సంగతి దేవుడికెరుక.

జడ్చర్ల_జంక్షన్ | మధ్యాహ్నం 12:15

రవాణా నుంచి పారిపోయే వచ్చాను అక్కా, అందుకే దాన్ని లెక్కలోకి తీసుకోలేదేమో. ధాబాలో నలభై ఐడియాల్లో కూడా అది లేదు.

లెక్కల_సారు | మధ్యాహ్నం 12:50

ధాబాలో మొదట మాట్లాడిందెవరు?

జడ్చర్ల_జంక్షన్ | మధ్యాహ్నం 12:52

మా దోస్తు, వాళ్ల బావకు కర్ణాటకలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. ఓ... అర్థమైంది సార్.

లెక్కల_సారు | మధ్యాహ్నం 1:20

నలుగురూ కలిసి కూర్చొని ఆలోచనలు గుప్పించే పద్ధతిని అమెరికాలో ఆస్‌బర్న్ అనే ప్రకటనల కంపెనీ ఆయన ప్రచారంలోకి తెచ్చాడు. 1958లో యేల్ యూనివర్సిటీలో పరీక్షించి చూస్తే, నలుగురు కలిసి చెప్పిన వాటికన్నా, వేరే నలుగురు ఎవరికి వారు విడిగా ఆలోచించి ఇచ్చినవి కలిపితే ఎక్కువ వచ్చాయి. మన ఊళ్లలో అరుగు మీద ఇది తెలిసిందే. పెద్దాయన ఒక మాట అన్నాక మిగతావాళ్లు దాని చుట్టూ తిరగడమే. ఈసారి ముందు కాగితం, తర్వాత ధాబా.

మిర్యాలగూడ_బియ్యం | ఆగస్టు 19, సాయంత్రం 6:40

పొద్దుటి నుంచి చదువుతున్నా, యూనివర్సిటీలూ సైకాలజిస్టులూ. నాకు నవ్వొస్తోంది. మా ఊళ్లో ఇన్ని రైస్ మిల్లులున్నాయి కదా, ఏ మేధావి ఆలోచన అవి? 1967లో సాగర్ కాలువలకు నీళ్లొదిలారు. ఎడమ కాలువ కింద వరి వచ్చింది. వరి వస్తే మిల్లు వచ్చింది. మిల్లు వస్తే లారీ ఆఫీసు, తవుడు నూనె, మిల్లు సామాన్ల షాపు, హమాలీల కోసం టిఫిన్ బండి. మా తాత ఐడియా ఏమిటయ్యా అంటే కాలువ గట్టు మీద నిలబడి నీళ్లు ఎటు పోతున్నాయో చూడటం.

మీ పాలమూరుకూ ఎత్తిపోతల నీళ్లొచ్చాయి, ఒకప్పుడు ముంబై, పుణె వలస పోయిన ఊళ్లలో ఇప్పుడు నాట్లకు బీహార్ వాళ్లు వస్తున్నారు. అది చూడు. మెదడులో వెతకకు.

పుట్టపాక_పేక | సాయంత్రం 7:05

బాబాయ్, గట్టు మీద వేలమంది నిలబడ్డారు. మీ తాత ఒక్కడే మిల్లు పెట్టాడు. మిగతావాళ్లకు నీళ్లే కనపడ్డాయి, మీ తాతకు వడ్లు కనపడ్డాయి. అది మెదడు కాదా?

మిర్యాలగూడ_బియ్యం | సాయంత్రం 7:20

మా తాతకు వడ్లు కాదమ్మా, మామగారిచ్చిన కట్నం కనపడింది. సరే, ఒప్పుకుంటున్నా, కొంత మెదడు కూడా.

బత్తాయి_తోట | సాయంత్రం 7:31

😂😂

జడ్చర్ల_జంక్షన్ | నవంబర్ 9, రాత్రి 9:15

రెండున్నర నెలలైంది, అందరూ తిట్టుకుంటూ ఉంటారు. సీజన్ అయ్యేదాకా రాయొద్దని ఆగాను.

మొదలుపెట్టే ముందే మా నాయన ఎదుట కూర్చొని నలభై వేలు దాటితే ఆపేస్తానని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఆయన ఆ కాగితం బీరువాలో దాచుకున్నాడు, భూమి పాసుబుక్కు పక్కన.

బత్తాయి అన్న మాట విని ముందు గంప కొన్నాను. ఇరవై కిలోల పండ్లు. మా వదినె, ఇద్దరు పక్కింటి వాళ్లు, నేను. చేత్తో గింజ తీస్తుంటే సాయంత్రమైంది. గుజ్జు ఏడు కిలోలకు కొంచెం తక్కువే. పై గిన్నె అప్పటికే రంగు మారింది. మా బావ కూల్‌డ్రింక్ షాపు ఫ్రీజర్‌లో పెట్టాం. రెండో రోజు రాత్రి కరెంటు పోయి పొద్దుటికి వచ్చింది. ఆ ముద్దను చూస్తే మళ్లీ సీతాఫలం తినబుద్ధి కాలేదు. ఒక ఐస్‌క్రీమ్ ఆయన్ని కలిస్తే, మాకు ఏడాది పొడుగునా ఒకే రంగులో కావాలి, టన్నుల్లో మాట్లాడండి అన్నాడు. ఆయన దగ్గర కాదు అనిపించుకోవడానికి నాకు బస్సు చార్జీ అయింది. గుజ్జు కథ అక్కడితో సరి.

తర్వాత పేక చెల్లె అడిగిన ప్రశ్న పట్టుకొని బాలానగర్ దగ్గర హైవే పక్కన పది రోజులు కూర్చున్నాను. కొంటారా అని ఎవరినీ అడగలేదు. గంపల అమ్మలు రాత్రి ఇంటికి పోయేటప్పుడు ఏం పారేస్తున్నారో చూశాను. గుట్టల మీద తెల్లారకముందే కోసుకొస్తారు. ఒకే గంపలో ఈరోజు పండేవి, రేపటివి, మూడు రోజులకు పండేవి కలిసి ఉంటాయి. కారు ఆపినాయన మెత్తటి కాయ చేతికి తగలగానే గంప మొత్తాన్ని అనుమానిస్తాడు. మెత్తబడ్డవి సాయంత్రం సగం ధరకు, మిగిలినవి మేకలకు. ఇది పండ్ల బాధ కాదు, ఏది ఏ రోజు ఎక్కడికి చేరాలన్న బాధ. ఆరేళ్లు నేను చేసింది అదే కదా!

కాయ మీద కళ్లు ఎంత విచ్చుకున్నాయి, గాడుల్లో తెలుపు ఎంత వచ్చింది అని చూసి వాళ్లు కాయ పట్టుకోగానే రోజు చెప్పేస్తారు. డెబ్బై ఏళ్ల అమ్మ ఒకామె వందలో నాలుగైదు తప్పితే తప్పలేదు, నేను గుర్తుపెట్టి లెక్కపెట్టాను. ఆమెకు, ఇంకో ఇద్దరికి ఏరినందుకు కూలి ఇచ్చి, మూడు రంగుల కాగితం చుట్టి, "రేపు తినండి", "ఎల్లుండి తినండి" అని రాసి, తెల్లవారుజామున నా పాత ఆఫీసు డ్రైవర్ల బండ్లలో ఖాళీ ఉన్న చోట పెట్టి హైదరాబాద్‌లో నాలుగు అపార్ట్‌మెంట్లకు పంపాను. ముందే డబ్బులు వేసిన వాళ్లకే.

నలభై వేలలో ముప్పై ఒకటి ఖర్చయింది, తిరిగొచ్చింది ముప్పై ఎనిమిది. నా కూలి అందులో లెక్కెయ్యలేదు. ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు, ఎల్లుండి అని రాసింది రేపే మెత్తబడిందని గ్రూపులో ఫోటో పెట్టి పరువు తీశారు. ఎండలో బండి ఆగిపోయిన రోజు అది. దీపావళి దాటాక కాయ అయిపోయింది.

ఇప్పుడు అసలు టెన్షన్: మిగిలిన పది నెలలు ఏం చెయ్యాలి?

దేవరకొండ_దారి | రాత్రి 9:40

ఆ బీరువా కాగితం ఫోటో పెట్టు తమ్మీ. నేనూ మా ఇంట్లో ఒకటి రాయించాలి.

మిర్యాలగూడ_బియ్యం | రాత్రి 9:58

ఏడు వేల మిగులు, కూలి లేకుండా. వ్యాపారం అనకు ఇంకా. కానీ ముందే డబ్బులు వేసినవాళ్లు ఎందరు?

జడ్చర్ల_జంక్షన్ | రాత్రి 10:02

అరవై రెండు ఇళ్లు అన్నా. పంతొమ్మిది ఇళ్లు మూడుసార్లకు పైగా తెప్పించుకున్నాయి.

మిర్యాలగూడ_బియ్యం | రాత్రి 10:03

ఇది లెక్క.

లెక్కల_సారు | నవంబర్ 10, ఉదయం 6:10

మిగతా నలభై మూడు ఇళ్లు ఎందుకు ఆపాయో అడిగావా?

జడ్చర్ల_జంక్షన్ | ఉదయం 7:45

లేదు సార్. మళ్లీ 8, 10, 12 అయింది. ఈరోజే ఫోన్లు మొదలుపెడతా.

బత్తాయి_తోట | ఉదయం 8:20

ఫోన్లు అయ్యాక ఒకసారి నల్లగొండ రా. ఎండలు ముదిరే లోపు మా కత్తెర కాపు దిగుతుంది. అందులోనూ ఇవాళ్టివి, వారం ఆగేవి కలిసే ఉంటాయి, ఎవడూ ఏరడు. నీ డెబ్బై ఏళ్ల అమ్మను కూడా తీసుకురా, బత్తాయి మీద ఆమె కన్ను పనిచేస్తుందో లేదో చూద్దాం. జ్యూస్ ఇస్తా, కానీ తోటలోనే తాగాలి.